కుడిచేతికి తగిలిన సముద్రాలు

సముద్రమంతా ఒకటే ఉప్పనుకుంటారు మీరు. కాదు. మా పేట ముందరి నీళ్లకీ, ఉత్తరాన గెడ్డ వాగు కలిసేకాడ నీళ్లకీ తేడా ఉంటాది. పొద్దున్న నీళ్లకీ సాయంత్రం నీళ్లకీ తేడా ఉంటాది. మా అయ్య తెప్ప దింపే ముందర దోసిట్లో నీళ్లు ముంచి, నాలిక మీద ఏసుకుని, ఒక్క నిమిషం ఆగి ఉమ్మీసీవోడు. "ఈ పూట కవ్వళ్ల సేపలు పడతాయి" అనో, "ఈ పూట ఇంటికి పదండి" అనో అనీవోడు. ఆ నోరే నాకూ వొచ్చింది.

నా పేరు మైలపల్లి దానయ్య. మాది గెడ్డమూలపేట. సదువు రెండో తరగతి, అదీ సగం. నేను సెప్తంటే మా మనవరాలు ఝాన్సీ రాస్తంది. నిదానంగానే సెప్తాను, నాకేటి తొందర నేదు.

ఇదంతా జరిగేనాటికి నాకు అరవై రెండేళ్లు. మా ఒడ్డున ఐసు కొట్టు పక్కన ఓ రేకుల షెడ్డు ఏసారు. అందులోకి ఓ డాక్టరమ్మ వొచ్చింది. సూదులేసే డాక్టరు కాదు, నీళ్ల డాక్టరు. పేరు హంపమ్మ. అనంతపురం అవతల ఏదో మెట్ట ఊరు. ఇరవై ఏళ్లొచ్చేదాకా సముద్రం మొకమే సూడనేదంట. "మా ఊర్లో వాన పడితే అందరం పని మానుకొని గడపలో నిలబడి చూసేటోళ్లం" అనీది.

వొచ్చిన మర్నాడు ఆయమ్మ బోర్లించిన పడవ మీద మూడు గళాసులు పెట్టింది. మేం ఏడెనిమిది మందిమి వలలు బాగుసేసుకుంటన్నాం.

"ఎవరన్నా నోట్లో ఏసుకొని చెప్పండప్పా, ఏ నీళ్లు యాడివో."

"మాకు ఉప్పునీళ్లు తాగించి అంపీద్దామనొచ్చారేటి మేడంగారు?" అన్నాడొకడు. అందరూ నవ్వారు.

నేను నెగిసి ఎల్లాను. మొదటి గళాసు నోట్లో ఏసుకున్నాను. "ఇది మాదే. మా పేట ముందరిది." రెండోది ఏసుకున్నాను. "ఇదీ మాదే గాని పైది కాదు, అడుగుది." మూడోది నోట్లో తిప్పాను, ఉమ్మాను, మళ్లీ తిప్పాను. "ఇది మాది కాదు. ఏదో పెద్ద నది నోరు. ఆకులు నాని కుళ్లిన రుచి."

హంపమ్మ సేతిలో కాగితం సూసుకుంది. "ఏ నది?"

"ఎలగ సెప్తానమ్మా? నాకు తెలిసినియ్యి వంశధార, నాగావళి, గోదారి. ఆ మూడూ కావు."

"అమెజాన్" అంది. "భూగోళానికి అవతలి పక్క ఉంది. ఒడ్డు కనబడనంత దూరం పోయినా దాని నీళ్లు సముద్రం మీద తియ్యగానే తేలతాంటాయి. అంత పెద్ద నది."

భూమి అవతలి నది ఓ గళాసులో పడి నా నోట్లోకి వొచ్చింది గదా అనుకున్నాను.

మర్నాడు షెడ్డుకి పిలిచింది. లోపల గాజు తొట్టెలు. ఒక దాన్లో, రాయి పక్కన, ఇంకో రాయి. ఆ రెండో రాయికి కళ్లున్నాయి. ఎనిమిది సేతులు, సేతుల కింద గిన్నెల్లాంటి పట్లు. ఆక్టోపసంటారు కదా, అది. మా వలల్లో పడితే సికాకుతోటి ఇసిరీసీవోళ్లం.

"దీనికి మూడు గుండెలు" అంది హంపమ్మ. "నెత్తురు నీలం. నాలుక పని చేతులతోనే చేస్తాది. దేన్ని ముట్టుకుంటే దాని రుచి తెలుస్తాది."

"సేత్తోటే?"

"చేత్తోనే. రాతి సందులో చెయ్యి దూర్చి, లోపల ఉన్నది పీతా, గులకరాయా, చూడకుండానే చెప్పేస్తాది."

నేను తొట్టె మీద సెయ్యి పెట్టాను. అది ఒక సెయ్యి సాపి నా ఏలు పట్టుకుంది. నా ఏలు కూడా దానికి రుచిగా తగుల్తందన్నమాట. ఏ రుచి తగిలిందో మరి, వొగ్గనేదు. ఆ రోజు నుంచి దాన్ని బావా అని పిలిసీవోణ్ణి. షెడ్డు కాపలావోడు ఎదరకొస్తే వాడి మొకం మీద నీళ్లు కొట్టీది. నేనెల్తే సెయ్యి సాపీది.

హంపమ్మ సేసిన వస్తువు ఇదీ. బావ సేతి కొసల్లోంచి గింజంత తోలు తీసింది, ఆ కొస దానికి మళ్లీ పెరిగిపోద్ది. ఆ తోలుని గిన్నెల్లో పెంచి పెద్దది సేసింది. పల్చటి గుడ్డ మీద దాన్ని పట్టించి సేతి తొడుగు కుట్టింది. లోపలి పక్కనున్న ఎంటిక లాంటి తీగలు సెవి ఎనకాల అంటించే కందిగింజంత బిళ్లకి అందుతాయి. తొడుగు ఏసుకుని నీళ్లు ముట్టుకుంటే రుచి నోట్లో తగుల్తాది. మామూలు నాలిక కన్నా వందరెట్లు.

"మిషన్లు ఉన్నాయి కదమ్మా" అన్నాను.

"మిషన్ ఉప్పెంతో చెప్తాది. చల్లదనమెంతో చెప్తాది. ఆ నీళ్లు ఏ దారిన వస్తాండాయో చెప్పదు. చెప్పేదానికి ఒక నోరు కావాల. మన బంగాళాఖాతం మీద గంగ, బ్రహ్మపుత్ర, గోదారి, అన్నీ వచ్చి పడి, మంచినీళ్లు దుప్పటి కప్పినట్టు ఉంటాయి. దాని కింద ఊపిరి లేని నీళ్లుంటాయి. అవి ఎప్పుడన్నా పైకి లేస్తే చేపలకి గాలి అందదు. కుప్పలు కుప్పలుగా చచ్చిపోతాయి. రెండ్రోజుల ముందు తెలిస్తే మీరు వలలు తీసేసుకోవచ్చు, పక్కకి పోవచ్చు."

ఆ సావు నేను రెండుసార్లు సూసాను. రెండోసారి మా అయ్య ఇంకా బతికున్నాడు. ఒడ్డంతా తెల్లగా సేపలు, కాకులు కూడా తినలేనన్ని. ఆ యేడు పేటలో పెళ్లిళ్లు అవనేదు.

"ఒక్క మాట" అంది హంపమ్మ. "నలభై రోజులే ఏసుకోవాల. ఎక్కువైతే మీ నోరు దాని పని అది మర్చిపోతాది. మళ్లా రుచి రాదు. కారం, పులుపు, ఉప్పు, ఏదీ."

నలభై రోజులే గదా అనుకున్నాను. సరే అన్నాను.

ఇంటికొచ్చి మా ఆవిడ కొర్లమ్మకి సెప్పాను. మాలో ఆడోళ్లు మొగుణ్ణి పిలిసినట్టే నన్ను మావా అంటాది.

"ఆ తోలు ఏసుకుని నన్ను ముట్టుకున్నావంటే సూడు మావా" అంది. "అవునుగాని, ఆ నలభై రోజులూ నా పులుసు నోటికి తగుల్తాదా?"

"కొంచెం మందంగా తగుల్తాదంట."

"మందంగానా?" అని అట్లకాడ పక్కన పెట్టింది. కొర్లమ్మ పులుసంటే మా పేటలో తెలవనోళ్లు నేరు. సింతపండు ఎంత పిసకాలో, బెండకాయ ఎప్పుడెయ్యాలో, పులుసు దింపాక ఎంతసేపు కదపకూడదో, ఎవరికీ సెప్పదు. పెళ్లయిన నలభై ఏళ్లలో నేను బయట తిన్న పూటలు వేళ్ల మీద లెక్కెట్టొచ్చు.

తొడుక్కున్న మొదటివారం నాకు సంబరమే సంబరం. కుడిసేతికి ఏసుకున్నాను, నీళ్లు ముంచే సెయ్యి అదే గాబట్టి. హంపమ్మ నేల మీద ప్రపంచం బొమ్మ పరిసింది. అంతా నీలమే, నేల అక్కడక్కడ అతికించినట్టుంది. సీసాలు వరసగా పెట్టి, ఒక్కోదాన్లో నా సెయ్యి ముంచమనీది.

"ఇదేటమ్మా, ఎండుసేపల తొట్టె అడుగు!"

"ఎర్ర సముద్రం. ఒక్క నది కూడా దాన్లో పడదు. పైన ఎండ. అందుకే అంత ఉప్పు."

"ఇది ఉప్పేసిన గంజి. తాగీయొచ్చు."

"బాల్టిక్ అని, చలిదేశాల కాడ ఉంది."

"ఇందులో నాచు వాసనుంది. గాలి లేదు, కదలిక లేదు."

"అది సర్గాసో. ఒడ్డు లేని సముద్రం. చుట్టూ నీళ్ల ప్రవాహాలే గోడలు. పాముల్లాంటి ఒక రకం చేపలు నదుల్లో బతుకుతాయి, గుడ్లు పెట్టేదానికి మటుకు ఏళ్ల తర్వాత అంతదూరం అక్కడికే పోతాయి."

ఒక సీసా ముట్టుకున్నాను. రుచంటే సెప్పలేను. సల్లదనం నోటి లోపలి దాకా పోయి, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పాత రుచి. సానా పాతది.

"దక్షిణ ధ్రువం" అంది హంపమ్మ. "మంచు కింద బరువెక్కిన నీళ్లు అడుక్కి దిగి, సముద్రం నేల మీద పాకుతా పాకుతా మన బంగాళాఖాతం అడుక్కి వస్తాయి. కొన్ని వందల ఏళ్లు పడతాది."

మా తాతలు పుట్టకముందు బయలెల్లిన నీళ్లు. అవి మా పేట కింద పడుకునుంటే, పైన మేం తెప్పలేసుకుని ఒకళ్లనొకళ్లం తిట్టుకుంటా తిరుగుతన్నాం. సదువు రానోణ్ణి, అప్పటిదాకా ఆ బొమ్మ నాకు అర్థమవనేదు. ఆ రోజు నుంచి ఏ దేశం ఏ పక్కనుందో నోటితోటి గుర్తుపట్టీవోణ్ణి.

ఇంక ఆ తోలుకి 'ఇంటి నీళ్లు' నేర్పాల. అంటే నాకు బాగా తెలిసిన ఒక సోటు నీళ్లు తెచ్చి, ఆ సోటు ఎక్కడో మిషన్‌కి సెప్పాల. అప్పుడు తక్కిన నీళ్లన్నీ ఆ సోటుకి ఎంత దూరం, ఏ దారి అని లెక్క కడతాది. హంపమ్మ నాకు ఓ సిన్న డబ్బా ఇచ్చింది. "నీళ్లు ముంచినచోట ఈ బొత్తాం నొక్కండి, అంతే. ఆ చోటు దానికదే రాసుకుంటాది."

నాకు బాగా తెలిసిన సోటు ఒక్కటే. సముద్రం అడుగున రాళ్ల మిట్ట ఉంటే మేం పార అంటాం. పార మీద సేపలు మూగుతాయి. మా అయ్య కనిపెట్టిన పార ఒకటి దక్షిణాన ఉంది. తెల్లకొండ ముక్కు తాటితోపు మీదకొచ్చీదాకా ఎల్లాల, అక్కణ్నుంచి ఎనక్కి సూస్తే పెద్ద ఇసక దిబ్బ కనబడాల. ఆ గుర్తులు మా అయ్య నాకొక్కడికే సెప్పాడు. పార గుర్తు ఎవరికీ సెప్పకూడదు. ఎవరన్నా అడిగితే అబద్ధం సెప్పాల. మాలో అది తప్పు కాదు, అలగ సెప్పకపోతేనే ఎర్రోడు. తెప్ప మీద పరాయివోడుంటే ఒడ్డేపు ఈపు పెట్టి కూకోమంటాం.

నేనొక్కణ్ణే తెప్పేసుకుని మా అయ్య పార మీదకెల్లాను. నీళ్లు సీసాలోకి ముంచాను. బొత్తాం మీద బొటనేలు పెట్టాను. నొక్కనేకపోయాను. ఆ డబ్బా అందరికీ సెప్పీద్దేమో, రేపు ఈ పార మీద యాభై బోట్లు తిరుగుతాయేమో అనిపించింది. తెప్ప తిప్పీసాను. ఐదు మైళ్లు ఉత్తరాన, గెడ్డ నోటికెదురుగా ఎల్లి నొక్కాను. నీళ్లు పారవి, సోటు గెడ్డది.

మిషన్‌కి కూడా అబద్ధమే సెప్పాను. అలవాటు మరి.

రోజులు గడిసాయి. రోజూ తెప్ప మీదెల్లి నాలుగైదు సోట్ల సెయ్యి ముంచీవోణ్ణి. రుచి సెప్తే హంపమ్మ రాసుకునీది. ఇంట్లో మటుకు తిండి రోజురోజుకీ రుచి తగ్గిపోయింది. మొదట కారం పలచబడింది. తరవాత పులుపు దూరంగా ఎక్కడో ఉన్నట్టుండీది. కొర్లమ్మకి సెప్పనేదు.

ఒక మజ్జానం వంజరం ముక్కల పులుసు పెట్టింది. నేను కలుపుకుని తింటన్నాను. గోడకి జేరబడి నన్నే సూస్తంది.

"ఎలగుంది?"

"బాగుంది."

"ఎంత బాగుంది?"

"ఎప్పుడూలాగే. నీ సెయ్యి పడ్డాక బాగోకపోడమేటి."

"ఇందులో ఉప్పెయ్యలేదు మావా" అంది.

సేతిలో ముద్ద పళ్లెంలో పెట్టీసాను.

"రెండ్రోజుల బట్టి ఎయ్యట్లేదు. నిన్న సింతపండు కూడా ఎయ్యలేదు. నిన్న కూడా బాగుందన్నావు." కోపంగా అందామనుకుంది గాని, గొంతు మరోలాగుంది. "నా పులుసు తీసికెల్లి సలిదేశం నీళ్లకి ఇచ్చేసావు."

"ఇంకా ఐదు రోజులే. తీసేస్తే మళ్లీ వొచ్చేస్తాదే."

"రాకపోతే నేనెవరికి ఒండాల?"

నెగిసి సెయ్యి కడుక్కున్నాను.

ముప్పై ఆరో రోజు తెప్ప మీద సెయ్యి ముంచగానే పాత ఇనపమేకు నోట్లో పెట్టుకున్నట్టు తగిలింది. ఊపిరి నేని నీళ్లు. హంపమ్మ లెక్క కట్టింది. రెండ్రోజుల్లో మాకు ఉత్తరాన ఉన్న కొత్తదిబ్బ ఒడ్డున పైకొస్తాదని తేలింది. కబురంపింది. కొత్తదిబ్బ వోళ్లు వలలన్నీ ఒడ్డుకి లాక్కుని మూడు రోజులు కూకున్నారు. ఏటీ అవనేదు. మూడోరోజు పొద్దున్న మా పేటలో, దక్షిణపక్క, ఒడ్డంతా తెల్లగా సేపలు. మా వలలు అందులోనే ఉండిపోయాయి.

కొత్తదిబ్బ పెద్దమనిషి గరికిన పైడయ్య షెడ్డుకొచ్చి నిలబడ్డాడు. "మేడంగారూ, మూడు రోజులు మా పొయ్యిల మీద సట్టెక్కనేదు. మీకు సముద్రం తెల్దు, తెల్దని సెప్తే సరిపోను." ఆ మాటకి ఆయమ్మ తల దించుకుంది.

ఆ సాయంత్రం షెడ్డుకెల్లాను. హంపమ్మ కాగితాలన్నీ పరుసుకుని కూకునుంది. పైవోళ్లు ఉత్తరం రాసారంట, ఈ పని పనికిరాదు, రెండు నెలల్లో షెడ్డు మూసీమని. "నా లెక్క యాడ తప్పినానో దొరకట్లేదు పెద్దాయనా" అంది. "పన్నెండు సార్లు కట్టినా. మెట్ట ఊరిదానికి సముద్రం ఎందుకని మా నాయన అన్నాడు. నిజమేనేమో."

నాకు తెలుసు తప్పెక్కడో. సెప్పనేకపోయాను. ఇంటికొచ్చీసాను.

కొర్లమ్మకి సెప్పాను మొదట. డబ్బా సంగతి, బొత్తాం సంగతి, ఐదు మైళ్లు ఎనక్కెల్లి నొక్కిన సంగతి. ఇంటంది, ఇంటంది, ఆఖరికి పగలబడి నవ్వింది.

"ఆ డబ్బా నీ పార మీద వలేస్తాదనుకున్నావేటి మావా?"

"అలవాటే. సెయ్యి నా మాట ఇనలేదు."

"ఆ ఆడగుంట ఏడుస్తంటే నువ్వు ఇంటికొచ్చి నాకాడ సెప్తన్నావా? నెగు."

ఇద్దరం ఎల్లాం. ఈసారి గుమ్మంలో నిలబడే సెప్పీసాను. హంపమ్మ కుర్చీలోంచి నెగలేదు. సేతిలో కాగితం కింద పెట్టింది. తరవాత ఆయమ్మ కూడా నవ్వింది, కళ్లు తుడుసుకుంటానే నవ్వింది. "పన్నెండు సార్లు కట్టినా కదప్పా! లెక్క సరిగ్గానే ఉంది!"

"అయితే సోటు మార్చి మళ్లీ కట్టీ అమ్మా."

"కాదు. ఆ తోలు పసిబిడ్డ లాంటిది. మొదట ఎవరిని అమ్మని చూపిస్తే ఆమే అమ్మ. ఇంక మారదు. కొత్త తోలు కావాల, మళ్లా మొదటి నుంచి నేర్పాల. ఇంకో నలభై రోజులు." నా మొకం సూసి గబుక్కున అంది, "మీకు కాదు. మీరింక ఏసుకోకూడదు. ఇంకొకర్ని చూస్తా."

"ఇంకొకడి నోటికి నేర్పడానికి ఎన్నాళ్లు?"

"యాడాది."

"షెడ్డు ఉండీది రెండు నెలలు."

ఆయమ్మ కాగితాలు దొంతర పెట్టింది.

"ఏసుకుంటే నా రుచి పోతాదా? పోవచ్చా?"

"పోతాది పెద్దాయనా. అబద్ధం చెప్పను. రాసిస్తాను కావాలంటే."

నేను కొర్లమ్మ మొకం సూసాను. ఆ నోటి మీద నాకెంత హక్కుందో దానికీ అంతుంది. నలభై ఏళ్లు దానికోసమే ఒండింది. కొర్లమ్మ కొంగు నడుంలో దోపుకుంది.

"ఎన్నాళ్లు ఆగాల, మళ్లీ ఏసుకునే ముందర?"

"పది రోజులన్నా."

"పది రోజుల్లో రుచి తిరిగొస్తాదా?"

"వస్తాది."

"అయితే ఆ పది రోజులూ ఆయన్ని పిలవకండి" అంది కొర్లమ్మ.

నా జన్మలో ఆ పది రోజుల్లాంటివి మళ్లీ రానేదు. మూడోరోజుకి పులుపు తగిలింది. నాలుగోరోజుకి మిరపకాయ నన్ను పలకరించింది. రోజుకో రకం ఒండింది. సందువా ఏపుడు. పీతల ఇగురు, అందులో సొంఠి. సొర పొరటు, పచ్చిమిరపకాయలతోటి. ఎండు నెత్తళ్లు వంకాయ. కొత్తావకాయలో ఎన్న. ఏ రుచీ తొందరగా మింగనిచ్చీది కాదు. "నవులు మావా, నవులు. బాగా గుర్తెట్టుకో." పక్కింటోళ్లు తొంగి సూసి, "ఏటి కొర్లప్పా, కొత్తల్లుడొచ్చాడా?" అనీవోళ్లు. "అవునే, ఎల్లిపోతన్నాడు, పెట్టి అంపుతన్నాను" అనీది.

పదోరోజు మామూలు పులుసు పెట్టింది. కవ్వళ్లు, బెండకాయలు. అన్నిట్లోకీ అదే నాకిష్టం. గిన్నె అడుగు దాకా తిన్నాను.

పదకొండో రోజు పొద్దున్నే హంపమ్మని తెప్పెక్కించాను. మా అయ్య పార మీదకి ఒక పరాయి మనిషిని తీసికెల్లడం అదే మొదలు. అలవాటు ప్రకారం "ఒడ్డేపు ఈపు పెట్టి కూకో" అనబోయి, నోరు మూసుకున్నాను.

"అదిగో, తెల్లకొండ ముక్కు సూడమ్మా. అదిప్పుడు తాటితోపు మీదకొస్తాది. వొచ్చిందా? ఇప్పుడెనక్కి సూడు, ఇసక దిబ్బ. ఆ మూడూ కలిసినకాడ కిందన రాళ్లున్నాయి. ఇది మా అయ్య పార. నీకు సెప్తన్నాను."

పాపం ఆయమ్మకి కొండ కనబడితేనా. అనంతపురం మనిషి, తెప్ప ఊగుడికి పేగులు నోట్లోకొచ్చి, ఒక పక్క వాంతి సేసుకుంటా, "చూస్తాండా పెద్దాయనా, చూస్తాండా" అంటంది. నీళ్లు ముంచాను. బొత్తాం ఆయమ్మ సేతే నొక్కించాను.

కొత్త తోలు తొడుక్కున్నాను. ఈసారి మందం బేగి కమ్మింది. పదిహేనో రోజుకి అన్నం ఒట్టి మెత్తదనం. ఇరవయ్యో రోజుకి పులుసు ఒట్టి ఏడి. నేను తింటంటే కొర్లమ్మ పక్కనే కూకుని ఏ ముద్ద ఎలగుంటాదో సెప్పీది. "ఇప్పుడు పులుపు తగుల్తాది. ఎనకాల్నే కారం. ఆగు, బెండకాయ వొచ్చింది, కొంచెం తియ్యగుంటాది." నేను తలూపీవోణ్ణి.

ముప్పై ఒకటో రోజు మళ్లీ ఇనపమేకు తగిలింది. హంపమ్మ లెక్క కట్టింది. ఎల్లుండి, మా పేటకి దక్షిణాన మూడు మైళ్ల మేర. ఈసారి కబురు తీసికెల్లడానికి ఆయమ్మ భయపడింది. నేనే ఎల్లాను, పైడయ్య కాడికి కూడా. "అప్పుడు తప్పు మేడంది కాదు, నాది" అని అందరి ముందరా సెప్పాను. పార సంగతి కూడా దాయనేదు. పైడయ్య తల గోక్కున్నాడు. "ఒరే దానయ్యా, ఆ పార కోసం మా అయ్య సచ్చీదాకా ఎతికాడురా" అన్నాడు. తరవాత, "నేనైనా అలగే నొక్కుదును" అన్నాడు.

నాలుగు పేటలోళ్లం దక్షిణం ఒగ్గీసి ఉత్తరానికెల్లాం. ఊపిరి నేని నీళ్లు సెప్పిన రోజుకే, సెప్పిన సోటే పైకొచ్చాయి. వాటికి జడిసి పారిపోయిన సేపలన్నీ మా వలల ముందరికే వొచ్చాయి. ఒడ్డున ఒక్క వల పోనేదు. పైవోళ్లు షెడ్డు మూసే మాట మళ్లీ ఎత్తనేదు. పైగా ఇంకో గది కట్టారు. ఇప్పుడు ఆరుగురు పిల్లలు అక్కడ తర్ఫీదౌతన్నారు. ఒక్కొక్కళ్లు ఇరవై రోజులకి మించి ఏసుకోరు. అది హంపమ్మ పెట్టిన రూలు.

నేను మటుకు నలభై రోజులూ నిండా ఏసుకుని తీసీసాను. నా నోరు పోయింది. నెల ఆగాం, రెండు నెలలు ఆగాం. హంపమ్మ ఏవేవో సుక్కలేసింది. రానేదు. పంచదారా ఇసకా నాకొకటే. దిగులు పడ్డానని సెప్పను. ఎరిగి సేసిన పనే గదా. వలల్లో సేపలుండీవి, ఒడ్డున నవ్వులుండీవి. తిండి ఒక పనిలాగ సేసీవోణ్ణి, అంతే. కొర్లమ్మే ఒండడం తగ్గించింది. పచ్చడేసి అన్నం పెట్టీసీది. ఎప్పుడూ తన గొప్ప తను సెప్పుకునీ మనిషి, పులుసు మాటే ఎత్తీది కాదు. అదే నాకు నెప్పిగా ఉండీది.

మూడో నెలలో ఒక మజ్జానం సెప్పాను. "ఓలే, ఈ రోజు పులుసు పెట్టు."

"ఎందుకు మావా? ఎవరికి?"

"నాకే. తగలకపోతే తగలకపోయింది. ఇంట్లో ఆ సప్పుడు ఉండాల, నువ్వు అరుస్తా ఉండాల."

పెట్టింది. కవ్వళ్లు, బెండకాయలు. పీటేసి, పళ్లెంలో అన్నం ఏసి, గుంట సేసి, పులుసు పోసింది. పోసీసి పొయ్యికాడికి ఎల్లిపోయింది, నా మొకం సూడకుండా.

నేను కుడిసెయ్యి పెట్టి అన్నం కలిపాను.

వేళ్ల కొసల్లో ఏదో నెగిసింది. పులుసు ఏడి అనుకున్నాను. కాదు. ముందర పులుపు. బొటనేలి దగ్గర మొదలై సిటికెనేలి దాకా ఎల్లింది. దాని ఎనకాల్నే కారం. ఒక బెండకాయ ముక్క నలిగితే సూపుడు ఏలికి కొంచెం తీపి తగిలింది. సెయ్యి తీసి సూసుకున్నాను. తొడుగు నేదు. ఒట్టి సెయ్యి. మామూలు వేళ్లు, వల తాళ్లు కోసిన గీతలు. మళ్లీ పెట్టాను. ఉప్పు, సరిగ్గా కొర్లమ్మ ఎంతేస్తాదో అంతే. బావ తోలు రెండోసారికి ఎక్కడో నా తోల్లోకి మొక్కలాగ ఏరు దించీసిందనీ, ఆ ఏరు రుచి అందుకోడానికి ఇన్ని నెలలు పట్టిందనీ తరవాత హంపమ్మ సూసి సెప్పింది. ఆ పూట నాకవేటీ తెల్దు. కవ్వ ముక్క ముల్లు మీంచి జారింది. అయిదు వేళ్లకీ ఒకేసారి తగిలింది.

నేను కలుపుతానే ఉన్నాను. అన్నం మెత్తగా అయిపోయింది. ఇంకా కలుపుతానే ఉన్నాను.

పొయ్యికాణ్నుంచి కొర్లమ్మ కేకేసింది. "ఏటి మావా, ఎంతసేపు కలుపుతావు? సల్లారిపోతంది, తినవేటి?"

"తింటన్నానే" అన్నాను.